నున్నటి పాట వెనక గరుకు పని

ఇప్పుడు 'యాట్ రాక్' (యాట్ అంటే షికారు పడవ) అని పిలిచే నున్నటి పాటలు పుట్టినప్పుడు వాటికి ఆ పేరు లేదు. 1970ల చివర్లో లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో వాటిని రికార్డు చేసినవాళ్ళకి ఆ మాటే తెలియదు. 2005లో, అంటే పాతికేళ్ళు గడిచాక, జె.డి. రిజ్‌నర్ అనే కుర్రాడూ అతని స్నేహితులూ కలిసి ఛానల్ 101 అనే లఘుచిత్రాల పండగ కోసం చిన్న చిన్న కామెడీ ఎపిసోడ్లు తీశారు. అతికించిన గడ్డాలు, చవక విగ్గులు, మైకేల్ మెక్‌డొనాల్డ్, కెన్నీ లాగిన్స్, స్టీలీ డాన్, టోటో లాంటి అప్పటి స్టార్ల మధ్య జరగని గొడవలు, లేని పంతాలు. డబ్బు చేసినవాళ్ళు సొంత పడవ మీద, చేతిలో గ్లాసు పట్టుకుని, గాలికి జుట్టు ఎగురుతుంటే వినే పాటలన్న ఎకసెక్కం ఆ పేరులోనే ఉంది.

చివరికి ఆ ఎకసెక్కమే మేలు చేసింది. అప్పటిదాకా ఈ పాటలకి ఉమ్మడి పేరంటూ లేదు. రేడియోవాళ్ళు సాఫ్ట్ రాక్ అనేవారు, జపాన్‌లో ఏఓఆర్ (అడల్ట్ ఓరియెంటెడ్ రాక్) అన్నారు, స్వీడన్, నార్వే వైపు వెస్ట్‌కోస్ట్ అన్నారు, విమర్శకులైతే లిఫ్టులో వినిపించే సంగీతం అన్నట్టు తీసిపారేశారు. పేరు దొరికాక వెతుక్కోవడం కుదిరింది, ప్లేలిస్టు కట్టడం కుదిరింది, అమెరికాలో శాటిలైట్ రేడియోవాళ్ళు ఏకంగా ఒక ఛానలే పెట్టారు. ఇంతలో ఇంకోటి కూడా జరిగింది. నవ్వుకుందామని వినడం మొదలుపెట్టినవాళ్ళు పదో పాట దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మానేసి, ఈ బేస్ వాయించింది ఎవరబ్బా అని ఆరా తీయడం మొదలుపెట్టారు.

2017 ఏప్రిల్‌లో కాలిఫోర్నియా ఎడారిలో కోచెల్లా ఉత్సవం జరిగింది. అక్కడికొచ్చే జనం వయసు ఎంతుంటుందో చెప్పక్కర్లేదు. ఆరు తీగల బేస్ గిటార్ భుజానికి తగిలించుకుని థండర్‌క్యాట్ వాయిస్తున్నాడు. అసలు పేరు స్టీఫెన్ బ్రూనర్, పుట్టింది 1984లో, ర్యాపర్ కెండ్రిక్ లమార్ ఆల్బంకి బేస్ వాయించినవాడు, అంతకు ముందు సూసైడల్ టెండెన్సీస్ అనే పంక్ బ్యాండులో గోల గోల చేసినవాడు. అలాంటివాడు స్టేజి మీదికి ఒక పెద్దమనిషిని పిలిచాడు. ఆయన మైకేల్ మెక్‌డొనాల్డ్. ఆ ఏడాదే మెక్‌డొనాల్డ్, కెన్నీ లాగిన్స్ ఇద్దరితో కలిసి అతను 'షో యూ ద వే' అనే పాట చేశాడు. అందులో వెటకారం వెతికినా దొరకదు. పెట్టుడు గడ్డాలతో ఎగతాళి మొదలైన పన్నెండేళ్ళకి, ఆ ఎగతాళి ఎవరి మీదో ఆయనే వచ్చి తన మనవల వయసు పిల్లల ముందు పాడాడు.

దీన్ని నాస్టాల్జియా ఖాతాలో రాసేయడం తేలిక, కానీ లెక్క కుదరదు. నాస్టాల్జియా కావాలంటే ముందు జ్ఞాపకం ఉండాలి. ఈ శైలిని ఇప్పుడు భుజాన వేసుకున్నవాళ్ళలో చాలామందికి ఆ రోజుల్లో పాలపళ్ళు కూడా రాలేదు, కొందరు అసలు పుట్టనే లేదు. వాళ్ళని లాగింది ఆ కాలం కాదు, అప్పటి పనితనం. పాట ఎంత సాఫీగా వినిపిస్తే దాని వెనక అంత పని ఉందని వాయించడం వచ్చినవాళ్ళకే ముందు తెలుస్తుంది, అందుకే ఈ సంగీతం తిరిగి రావడం శ్రోతల దగ్గర కాకుండా వాయిద్యకారుల దగ్గర మొదలైంది. శ్రోతలు తర్వాత వచ్చారు.

ఆ పనేంటో కాస్త దగ్గరగా చూడాలి. మామూలు పాప్ పాటలో ఉండే మేజర్ కార్డ్ అంటే మన లెక్కలో శంకరాభరణంలోని స, గ, ప మూడూ ఒకేసారి మోగడం. వినగానే ఇంటికి చేరినట్టుంటుంది, గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టు. దాని పైన కాకలి నిషాదం కలిపితే మేజర్ సెవెన్త్. పై షడ్జానికి నిషాదం అర మెట్టు కిందే ఉంటుంది, ఎక్కేద్దామా అని చూస్తుంటుంది, ఎక్కదు. అంటే ఇంటికి చేరాం కానీ తలుపు ఓరగా తెరిచే ఉంది. సంతోషమో దిగులో తేల్చి చెప్పలేని ఆ రుచి ఈ పాటలన్నిటికీ ముఖ్యమైన సరుకు. స్టీలీ డాన్‌వాళ్ళు ఇంకో అడుగు వేసి, స-గ-ప మధ్యలోకి రిషభాన్ని దూర్చి స-రి-గ-ప కలిపి నొక్కడం అలవాటు చేసుకున్నారు, దానికి మ్యూ మేజర్ అని సొంతంగా పేరు కూడా పెట్టుకున్నారు. రి, గ పక్కపక్కనే ఉన్న స్వరాలు కాబట్టి కలిపి మోగిస్తే చిన్న రాపిడి ఉంటుంది. మిగతా పాటంతా నున్నగా ఉంటుంది గనక ఆ రాపిడి చెవికి గుచ్చుకోదు, కానీ అదే తీసేస్తే పాట నీళ్ళ మజ్జిగ అయిపోతుంది.

గొంతుల సంగతీ అంతే. స్టీలీ డాన్ 1977 ఆల్బం 'ఆజా'లో 'పెగ్' అనే పాట ఉంది. అందులో పల్లవి వెనక మోగే కోరస్‌లో ఎక్కువగా వినిపించేది మైకేల్ మెక్‌డొనాల్డ్ గొంతే, ఒకదాని మీద ఒకటి పొరలుగా పాడినది. ఆ స్వరాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉంటాయంటే, ముందు పాడిన పొర చెవిలో మోగుతుంటే రెండోది జారిపోకుండా నిలబెట్టడం పెద్ద గొంతులకీ కష్టమే. మొత్తం పాటలో వింటే మాత్రం 'పెగ్' అన్న చిన్న మాట ఒక్కసారి మెరిసి పోయినట్టుంటుంది, అంతే. ఆ పాటలోనే గిటార్ సోలో కోసం పేరున్న గిటారిస్టుల్ని ఒకరి తర్వాత ఒకర్ని, ఆరేడుగురిని పిలిచి వాయించి చూశారు. ఎవరిదీ నచ్చలేదు. చివరికి జే గ్రేడన్ వాయించింది ఉంచారు. ఒక పాటలో కాసేపు వినిపించే ముక్క కోసం అంత మందికి కూలి ఇచ్చి పంపేయడం ఇప్పుడు ఏ కంపెనీ ఒప్పుకుంటుంది?

1980లో వచ్చిన వాళ్ళ తర్వాతి ఆల్బం 'గౌచో' అయితే మరీ విపరీతం. ఉన్నవి ఏడే పాటలు. వాటికి కనీసం 42 మంది వాద్యకారులు పనిచేశారు, ఏడాదికి పైగా స్టూడియోలోనే గడిచింది, కంపెనీ ఇచ్చిన అడ్వాన్సు ఎప్పుడో దాటిపోయింది. మనిషి వాయించే తాళం కూడా చాలక, ఇంజనీరు రోజర్ నికల్స్ చేత డ్రమ్ దెబ్బల్ని కంప్యూటర్లో సర్దే యంత్రం ఒకటి చేయించుకున్నారు, దానికి వెండెల్ అని పేరు. ఇది పిచ్చి అంటే పిచ్చే. కానీ రికార్డు కంపెనీల దగ్గర డబ్బు మూలుగుతున్న రోజుల్లో మాత్రమే కుదిరే పిచ్చి. ఈ మొత్తం శైలి అలాంటి డబ్బు మీద పెరిగిన మొక్క, ఆ మాట దాచుకోనక్కర్లేదు.

ఆ స్టూడియోల్లో వాయించినవాళ్ళు ఒకే గుంపు, తిప్పి తిప్పి వాళ్ళే. 1976లో బాజ్ స్కాగ్స్ చేసిన 'సిల్క్ డిగ్రీస్' ఆల్బంలో కూలికి వాయించిన డేవిడ్ పేచ్, జెఫ్ పొర్కారో, డేవిడ్ హంగేట్ కలిసి ఆ తర్వాత టోటో అనే బ్యాండు పెట్టారు. ఆ టోటోవాళ్ళే మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్'లో కూడా వాయించారు, అందులోని 'హ్యూమన్ నేచర్' బాణీ జెఫ్ తమ్ముడు స్టీవ్ పొర్కారోది. కాబట్టి యాట్ రాక్ అంటే ఏంటో తెలియదు అనేవాళ్ళు కూడా దాన్ని వినే ఉంటారు, 1980లలో ఊళ్ళల్లో రికార్డింగ్ షాపులకి చేరిన జాక్సన్ క్యాసెట్ల రూపంలో.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. పడవలు, తెల్లటి ప్యాంట్లు, గడ్డాలు అనేసరికి ఇది తెల్లవాళ్ళ సంగీతం అన్న బొమ్మ కడుతుంది. కానీ దీని ఎముకలు నల్లవాళ్ళ ఆర్ అండ్ బీ, జాజ్, సోల్. మెక్‌డొనాల్డ్ గొంతులో వినిపించేది గాస్పెల్, అంటే నల్లవాళ్ళ చర్చి పాట. స్టీలీ డాన్ పాటల్లో నడక బెర్నార్డ్ పర్డీ లాంటి నల్ల డ్రమ్మర్లది. అందుకే రాక్ విమర్శకులు ఛీ కొట్టిన రోజుల్లో ఈ పాటల్ని భద్రంగా దాచింది హిప్‌హాప్‌వాళ్ళు. 1989లో డి లా సోల్ 'పెగ్' ముక్కని తీసుకుని 'ఐ నో' చేశారు. 1994లో వారెన్ జి 'రెగ్యులేట్' కింద మోగేది 1982 నాటి మెక్‌డొనాల్డ్ పాట. లాంగ్ బీచ్ వీధుల్లో రాత్రిపూట జరిగే దోపిడీ కథ, దాని కింద ఈ మెత్తటి కీబోర్డు. ఆ పాట విన్న పిల్లలకి మెక్‌డొనాల్డ్ ఎవరో తెలియకపోవచ్చు, ఆ కార్డుల రుచి మాత్రం నాలికకి అంటుకుంది. థండర్‌క్యాట్ ఆ తరం వాడే. కాబట్టి అతను లాగిన్స్‌నీ మెక్‌డొనాల్డ్‌నీ పిలవడం ఎక్కడిదో పాత సామాను దుమ్ము దులిపి తెచ్చుకోవడం లాంటిది కాదు, ఇంట్లోంచి బయటికి పోయిన వస్తువు తిరిగి ఇంటికి రావడం అంటే దగ్గరగా ఉంటుంది.

మరి ఇంత బాగా చేసిన సంగీతం అంత త్వరగా ఎందుకు పడిపోయింది? క్రిస్టఫర్ క్రాస్ కథ చూస్తే చాలు. 1981 గ్రామీల్లో ప్రధానమైన నాలుగు అవార్డులూ, అంటే ఏడాది ఆల్బం, రికార్డు, పాట, కొత్త కళాకారుడు, ఒక్కడే పట్టుకెళ్ళాడు. ఆ పని మళ్ళీ జరగడానికి 2020లో బిల్లీ ఐలిష్ దాకా ఆగాల్సి వచ్చింది. క్రాస్ మొదటి ఆల్బం అట్ట మీద అతని ముఖం లేదు, ఒక ఫ్లమింగో పక్షి బొమ్మ ఉంది. ఆ అవార్డులొచ్చిన ఏడాదే ఆగస్టు 1న పాటల వీడియోలు చూపించే టీవీ ఛానల్ ఎంటీవీ మొదలైంది. ఇక పాటకి గొంతుతో పాటు ముఖం కావాలి, దుస్తులు కావాలి, గెంతాలి. స్టూడియోలో కూర్చుని కళ్ళు మూసుకుని వాయించే మనుషులు తెర మీద ఏం చూపిస్తారు? దానికి తోడు 1983లో యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ వచ్చింది. ఇద్దరు మోస్తే గానీ కదలని ఫెండర్ రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో బదులు చంకలో పెట్టుకుపోయే పెట్టె. డ్రమ్ మెషీన్లు సరేసరి. టోటో 1983లో గ్రామీలు ఊడ్చేసింది నిజమే కానీ, అప్పటికే గాలి మళ్ళింది.

మద్రాసులో సినిమా పాటల రికార్డింగులు చూసిన తరానికి ఈ కథ కొత్తగా అనిపించదు. ఇళయరాజా పాట రికార్డింగంటే వయొలిన్ల వరసతో సహా హాలు నిండా మనుషులుండి, ఎవరైనా తప్పు వాయిస్తే అందరూ మళ్ళీ మొదటినుంచి వాయించిన రోజులవి. తర్వాత కీబోర్డు ప్రోగ్రామింగ్ వచ్చి ఆ హాళ్ళు ఖాళీ అయ్యాయి, చాలామంది వాద్యకారులకి పని తగ్గిపోయింది. మనవాళ్ళు ఇప్పటికీ 'మెలొడీ' అని ఒక రకం పాటని విడిగా పిలుస్తారు చూడండి, ఆ మాటలో రాగంతో పాటు ఆ హాలు నిండా మనుషులు కూడా ఉన్నారు.

తిరిగి రావడంలోకి వస్తే, ఈ పునరుద్ధరణలో తమాషా ఏంటంటే, బోలెడు డబ్బుతో పుట్టిన శబ్దాన్ని ఇప్పుడు చాలామంది డబ్బు లేకుండా పుట్టించాలని చూస్తున్నారు. యంగ్ గన్ సిల్వర్ ఫాక్స్ అని ఇద్దరున్నారు. ఒకడు ఆండీ ప్లాట్స్, ఇంగ్లండ్‌లో మామాస్ గన్ బ్యాండు నడిపే పాటగాడు. రెండోవాడు షాన్ లీ, అమెరికాలోని కాన్సస్ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడ్డ వాద్యకారుడు, చేతికి ఏ వాయిద్యం దొరికితే అది వాయిస్తాడు. 2015లో 'వెస్ట్ ఎండ్ కోస్ట్' అని మొదటి ఆల్బం తెచ్చారు, లండన్ వెస్ట్ ఎండ్‌నీ అమెరికా వెస్ట్ కోస్ట్‌నీ కలిపిన పేరు. అప్పుడు 42 మంది చేసిన పనిలో పెద్ద భాగం ఇద్దరి మధ్య అయిపోతుంది. శబ్దం మాత్రం అచ్చు గుద్దినట్టు కాలిఫోర్నియా 1978. డ్రమ్స్ ఎక్కడా గోడలకి కొట్టుకుని ప్రతిధ్వనించవు, చెవి పక్కనే పొడిగా, మెత్తగా పడతాయి. బేస్ ముందుకొచ్చి మాట్లాడుతుంది. కోరస్ గొంతులు దగ్గర దగ్గరగా పేర్చి ఉంటాయి. లండన్ వానలో కూర్చుని అంత ఎండ ఎలా పుట్టించారో వాళ్ళకే తెలియాలి.

అయితే వాళ్ళ పాటలు వరసగా వింటే ఒక లోటు కనిపిస్తుంది, ఇది వాళ్ళది మాత్రమే కాదు, ఈ శైలిని నిక్కచ్చిగా పట్టుకున్న చాలామందిది. అన్నీ సరిగ్గా ఉంటాయి, ఏదీ తప్పు పోదు. పాత స్టీలీ డాన్ పాటల్లో సంగీతం ఎంత తియ్యగా ఉంటే మాటలు అంత చేదుగా ఉండేవి. మత్తుమందులమ్ముకునేవాళ్ళు, కుర్ర పిల్ల వెంట పడి నవ్వులపాలయ్యే నడివయసు మగాళ్ళు, జీవితంలో ఓడిపోయి దాన్ని ఒప్పుకోనివాళ్ళు. మెక్‌డొనాల్డ్ పాడిన డూబీ బ్రదర్స్ బ్యాండు పాట 'వాట్ ఎ ఫూల్ బిలీవ్స్' కూడా అంతే, ఎప్పుడో ఏమీ లేని చోట ఏదో ఉందని ఇప్పటికీ నమ్మే ఒక వెర్రివాడి కథ. ఆ నున్నదనం కింద సిగ్గు, భ్రమ, ఓటమి ఉన్నాయి కాబట్టే అది నిలిచింది. ఇప్పటివాళ్ళు చాలామంది ఎండని తెచ్చుకున్నారు, కింద ఉన్న ఆ చీకటిని అక్కడే వదిలేశారు.

'వాట్ ఎ ఫూల్ బిలీవ్స్' పుట్టిన తీరు కూడా చెప్పుకోవాలి. లాగిన్స్ మొదటిసారి కలిసి రాయడానికి మెక్‌డొనాల్డ్ ఇంటికి వెళ్ళాడు. తలుపు తట్టబోతుంటే లోపల పియానో మీద ఏదో సగం బాణీ వినిపించింది, ఒకచోట దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ ఆగిన చోటు నుంచి ముందుకెలా వెళ్ళాలో గుమ్మం బయట నిలబడ్డవాడికి తట్టింది. 1980లో ఆ పాటకి ఏడాది రికార్డు, ఏడాది పాట రెండు గ్రామీలూ వచ్చాయి. ఫైళ్ళు అటూ ఇటూ పంపుకుని చేసే పనిలో దొరకనిది సరిగ్గా ఇదే, గోడ అవతల ఎవరో వాయిస్తుంటే ఇవతల ఇంకెవరికో తట్టడం.

డబ్బున్నవాళ్ళు మాత్రం అందరూ కలిసి వాయించే ఆ గదిని తిరిగి కొనుక్కున్నారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన డాఫ్ట్ పంక్ అంతకుముందు దాకా యంత్రాల సంగీతానికి పెట్టింది పేరు, హెల్మెట్లు పెట్టుకుని రోబోల్లా కనిపించే ఇద్దరు. 2013లో 'ర్యాండమ్ యాక్సెస్ మెమరీస్' కోసం వాళ్ళు నైల్ రాడ్జర్స్ చేత గిటార్, నాథన్ ఈస్ట్ చేత బేస్ వాయించుకున్నారు. డ్రమ్స్ దగ్గర ఒమర్ హకీమ్, జాన్ రాబిన్సన్. ఈ రాబిన్సన్ మైకేల్ జాక్సన్ 'రాక్ విత్ యూ'కి వాయించినవాడే. రోబోలు మనుషుల్ని కూలికి పెట్టుకోవడం అనే జోకు అప్పట్లో ఎవరూ గట్టిగా వేయలేదు ఎందుకో. మరుసటి ఏడాది దానికి ఏడాది ఆల్బం గ్రామీ వచ్చింది. ఆ తర్వాతే పెద్ద పెద్ద పాప్ గాయకులకి పొడి డ్రమ్స్, ముందుకొచ్చే బేస్ మళ్ళీ ఫ్యాషన్ అయ్యాయి.

గాయకుడు, గిటారిస్టు జాన్ మేయర్ దారి మధ్యస్తం. 2021లో అతను తెచ్చిన 'సాబ్ రాక్' 1980ల ఆల్బం వేషం కట్టుకుని వచ్చింది, అట్ట మీద బొమ్మ నుంచి కీబోర్డు శబ్దం దాకా అంతా అప్పటిదే, నవ్వుతున్నాడా నిజంగానే అంటున్నాడా అని అనుమానం వచ్చేలా. కానీ వాయించడానికి పిలిచింది ఎవర్ని? టోటోతో ఏళ్ళ తరబడి తాళవాద్యాలు వాయించిన లెన్నీ క్యాస్ట్రోని, జాక్సన్ ఆల్బంలకి కీబోర్డు వాయించిన గ్రెగ్ ఫిలిన్‌గేన్స్‌ని. వేషం జోకు కావచ్చు, కూలి జోకు కాదు. దీనికి పూర్తి విరుద్ధం 2018లో వీజర్ బ్యాండు చేసిన టోటో 'ఆఫ్రికా' పాట. ట్విట్టర్లో ఒక టీనేజి అమ్మాయి పాడండి పాడండి అని పట్టుబడితే పాడారు, చాలా ఏళ్ళకి వాళ్ళకో హిట్ దొరికింది. అందులో కొత్తగా కలిపింది ఏమీ లేదు. టోటోవాళ్ళు కూడా సరదాగా వీజర్ పాట ఒకటి పాడి బాకీ తీర్చేశారు. ఆ కథ అక్కడితో సరి.

జపాన్ దారి వేరు, అక్కడ ఈ సంగీతం చచ్చిపోయి బతికింది కాదు. 1970ల చివర్లోనే లాస్ ఏంజెలెస్ శబ్దాన్ని పట్టుకుని టోక్యో వాళ్ళు సొంతంగా ఒక శైలి అల్లుకున్నారు, దాన్నే సిటీ పాప్ అంటున్నారు. తత్సురో యమషిత, మరియా తకెఉచి దాని పెద్దలు, ఇద్దరూ భార్యాభర్తలు. తకెఉచి 1980లో చేసిన ఒక ఆల్బంలో సగం పాటలు లాస్ ఏంజెలెస్ వెళ్ళి రికార్డు చేసుకొచ్చింది, వాయించినవాళ్ళలో పైన 'పెగ్' సోలో దగ్గర చెప్పుకున్న జే గ్రేడన్ ఉన్నాడు. 1984 నాటి ఆమె పాట 'ప్లాస్టిక్ లవ్'ని 2017లో ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. జపనీస్ ఒక్క ముక్క రానివాళ్ళ తెర మీదికి కూడా యూట్యూబ్ దాన్ని తోసుకుంటూ పోయింది, కోట్ల సార్లు విన్నారు. 2022లో ద వీకెండ్ అనే గాయకుడు 'అవుట్ ఆఫ్ టైమ్' అనే పాట కట్టింది టొమోకో అరన్ పాడిన 1983 నాటి జపనీస్ పాట మీద. అంటే అమెరికాలో పుట్టి, టోక్యో వెళ్ళి, నలభై ఏళ్ళకి కెనడా గాయకుడి చేతుల మీదుగా మళ్ళీ అమెరికన్ రేడియోలోకి. మాట అర్థం కాకపోయినా కార్డు అర్థమవుతుంది మరి.

యూట్యూబ్ చేసిన ఇంకో పని ఎవరూ పెద్దగా గమనించరు. ముఖం లేదని ఎంటీవీ వీళ్ళని తోసేస్తే, చేతులున్నాయని యూట్యూబ్ వీళ్ళని తిరిగి పిలిచింది. ఇప్పటి కుర్రాళ్ళు స్టార్ ముఖం కంటే బేస్ తీగ మీద వేళ్ళెలా నడుస్తున్నాయో చూడటానికి ఎక్కువ ఇష్టపడుతున్నారు. మిషిగన్ నుంచి వచ్చిన వల్ఫ్‌పెక్ బ్యాండు అసలు బతికిందే అలా. ఒక గదిలో నలుగురు, మామూలు కెమెరా, ఎదురెదురుగా కూర్చుని ఒకేసారి వాయించడం, అంతే. వాళ్ళది సాఫ్ట్ రాక్ కంటే ఫంక్ అనడం సరైంది, కానీ మూలం మాత్రం పాత సెషన్ వాద్యకారుల, అంటే స్టూడియోల్లో కూలికి వాయించేవాళ్ళ పద్ధతే. కంపెనీ లేకుండా, మేనేజర్ లేకుండా 2019లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ నింపేశారు. వాయించేవాళ్ళే హీరోలు కావడం రాక్‌లో కొత్త కాదు. ఇక్కడ కొత్తదల్లా, గెంతకుండా, చొక్కా చింపుకోకుండా, తక్కువ వాయించేవాడు హీరో కావడం.

అందరికీ ఇది నచ్చిందని కాదు. 2024లో హెచ్‌బీఓ యాట్ రాక్ మీద ఒక డాక్యుమెంటరీ తీసింది. దర్శకుడు మాట్లాడదామని ఫోన్ చేస్తే స్టీలీ డాన్ డొనాల్డ్ ఫేగన్ ఒక బూతు మాట అని ఫోన్ పెట్టేశాడు, వాళ్ళు ఆ ముక్కని సినిమాలో అలాగే ఉంచారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్‌ని విని పెరిగి, ఒక్కో కార్డు కోసం నెలలు ఖర్చు పెట్టినవాడి పనిని తీసుకెళ్ళి పడవ టోపీల పార్టీ సామానుతో కలిపేస్తే ఎవరికైనా మండుతుంది. మెక్‌డొనాల్డ్, లాగిన్స్ మాత్రం నవ్వేసి ఒప్పుకున్నారు, దానివల్ల కొత్త శ్రోతలూ దొరికారు. ఎవరి స్వభావం వాళ్ళది. అమెరికాలో ఇప్పుడు కెప్టెన్ టోపీలు పెట్టుకుని ఈ పాటలే వాయించే నకలు బ్యాండులు చాలా ఉన్నాయి, అట్లాంటాలో పుట్టిన యాట్ రాక్ రివ్యూ వాటిలో పేరున్నది. టోపీ చూసి నవ్వుకోవచ్చు, కానీ ఆ బ్యాండులో వాయించాలంటే 'పెగ్' కార్డులన్నీ చేతికి రావాలి.

చేతికి రావడం అంటే ఏంటో తెలియాలంటే 'రోజాన్నా' దగ్గరికి వెళ్ళాలి. టోటో 1982లో చేసిన పాట, దాని డ్రమ్స్ జెఫ్ పొర్కారోవి. తిశ్ర నడ, 'తకిట తకిట' అని అనుకోండి. 'త', 'ట' రెండూ కుడిచేత్తో హైహ్యాట్ అనే జంట తాళాల మీద పడతాయి. మధ్యలో 'కి' ఎడమచేత్తో స్నేర్ అనే డ్రమ్ మీద, కానీ ఎంత మెల్లగా అంటే కర్ర దాదాపు దానంతట అదే వాలినట్టు. దాన్ని డ్రమ్మర్లు ఘోస్ట్ నోట్ అంటారు. ఆ మెల్లటి దెబ్బల మధ్య ఒక్కచోట మాత్రం స్నేర్ గట్టిగా పగలాలి, కాలి కింద కిక్ డ్రమ్ ఇంకో లెక్కలో నడవాలి. పొర్కారో ఒక శిక్షణ వీడియోలో ఇదంతా విడదీసి చూపిస్తాడు. ఈ నడక బెర్నార్డ్ పర్డీ దగ్గర కొంత, లెడ్ జెపెలిన్ జాన్ బాన్‌హమ్ దగ్గర కొంత ఎత్తుకొచ్చి, దాని కింద పాత రాక్ గాయకుడు బో డిడ్లీ తాళంలో కిక్ పెట్టానని దాచుకోకుండా చెప్పేస్తాడు. 1992లో 38 ఏళ్ళకే పోయాడు ఆయన. ఆ వీడియో పెట్టుకుని ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తాళం కొట్టే మెట్రోనోమ్ వేగం సగానికి తగ్గించి, గట్టి దెబ్బ ఎవరైనా కొడతారు కాబట్టి దాన్ని వదిలేసి, ఆ మధ్యలో 'కి' ఒక్కటే వినీ వినపడకుండా పడేదాకా సాధన చేస్తూ ఉంటారు.